కప్ప చర్మం నుంచి రొయ్య నెత్తురు దాకా: సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లను పోల్చడం ఎలా?

తేనెటీగ విషాన్ని ఆరబెట్టి తూచితే అందులో దాదాపు సగం బరువు ఒకే ఒక్క పదార్థానిది. దాని పేరు మెలిటిన్. 26 అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చిన చిన్న గొలుసు అది, అంటే ఒక పెప్టైడ్. ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా మీద వేస్తే చాలా తక్కువ మోతాదులోనే వాటిని చంపేస్తుంది. ఆఫ్రికాకు చెందిన ఒక కప్ప చర్మంలో దొరికే మగైనిన్ అనే పెప్టైడ్‌తో అదే పని చేయించాలంటే ఇంకా ఎక్కువ మోతాదు వేయాలి. రెండింటినీ ఒక పట్టికలో పక్కపక్కన పెడితే ఎక్కువ మార్కులు మెలిటిన్‌కే పడతాయి. అయినా మనుషుల మీద మందుగా పరీక్షించే దాకా, అదీ మూడో దశ దాకా వెళ్లింది మగైనిన్ వంశమే. ఎందుకంటే బ్యాక్టీరియాను చంపే మోతాదులోనే మెలిటిన్ మన ఎర్ర రక్తకణాలనూ పగలగొడుతుంది. మగైనిన్ ఆ మోతాదులో వాటి జోలికి దాదాపుగా పోదు.

జంతువుల నుంచి వచ్చే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ల గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ తేడాను దాటేస్తారు. కొమొడో డ్రాగన్ నెత్తురులో కొత్త యాంటీబయాటిక్ అనో, టాస్మేనియన్ డెవిల్ పాలలో మొండి బ్యాక్టీరియాకు మందు అనో వార్త వస్తుంది. ఏ జంతువు పెప్టైడ్ ఎంత తక్కువ మోతాదులో బ్యాక్టీరియాను ఆపిందో ఆ ఒక్క అంకెతోనే పోలిక ముగిసిపోతుంది. ఆ అంకె అవసరమే, కానీ దానికన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. ఆ జంతువు ఈ పెప్టైడ్‌ను తన ఒంట్లో ఎక్కడ, ఎంత ఉప్పు ఉన్న చోట, ఎంత సాంద్రతలో, ఏ తోడుతో వాడుకుంటోంది? ఆ చోటు నుంచి బయటికి తీశాక దాని గుణం ఎంత మిగులుతుంది? మందులుగా మారబోయి మధ్యలో ఆగిపోయిన పెప్టైడ్ల చరిత్ర చూస్తే చాలావాటి కథ ఈ ప్రశ్నల దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ముందు ఇవి ఎలా పనిచేస్తాయో చూద్దాం. సాధారణంగా 10 నుంచి 50 అమైనో ఆమ్లాలుండే ఈ గొలుసులకు రెండు లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, లైసీన్, ఆర్జినీన్ వంటివి ఎక్కువగా ఉండటం వల్ల వచ్చే ధనావేశం. రెండు, మడత పడ్డాక ఒక వైపు నీటికి, మరో వైపు కొవ్వుకు అనువుగా తయారవడం. బ్యాక్టీరియా పైపొరలో రుణావేశమున్న కొవ్వులు ఎక్కువ. మన కణాల బయటి పొరలో అయితే మొత్తం మీద ఆవేశం లేని కొవ్వులు, వాటి మధ్య బిగుతు కోసం కొలెస్ట్రాల్ ఉంటాయి. అందుకే పెప్టైడ్ బ్యాక్టీరియా వైపు లాగబడుతుంది, పొరలో దూరి చిల్లులు పెడుతుంది. ఈ లాగుడు ఎంత ఆవేశం మీద ఆధారపడితే అది అంత ఎంచి కొడుతుంది. కొవ్వును పట్టుకునే గుణం మరీ పెరిగితే మంచి కణానికీ చెడ్డ కణానికీ తేడా చూడదు. మెలిటిన్ కథ అదే.

ఈ పరిశోధన చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా స్వీడన్‌తో మొదలుపెడతారు. 1981లో హాన్స్ బోమన్ బృందం సెక్రోపియా అనే పెద్ద పట్టుపురుగు జాతి ప్యూపాల్లోకి బ్యాక్టీరియాను ఎక్కించి, వాటి నెత్తురులో పుట్టుకొచ్చిన సెక్రోపిన్‌లను వేరుచేసింది. కానీ అంతకు రెండేళ్ల ముందే, 1979లో, హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఆబోతు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే చిన్న ప్రోటీన్ ఇ.కోలైని ఆపుతుందని, అది రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీని అడ్డుకుంటుందని చూపారు. తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం ఆ ప్రోటీన్‌లోంచి 13 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి తీసుకుని, ఏ అక్షరం (అంటే ఏ అమైనో ఆమ్లం) మారిస్తే బ్యాక్టీరియా మీద దెబ్బ పెరుగుతుంది, ఏది మారిస్తే రక్తకణాల మీద దెబ్బ పెరుగుతుంది అని ఓపికగా విడదీసి చూసింది. ఈ రెండు గుణాలూ వేరువేరు తాళ్లు, ఒకదాన్ని లాగకుండా రెండోదాన్ని లాగడం కొంతవరకు సాధ్యమే అన్న అవగాహనకు ఇలాంటి పని పునాది వేసింది. తెలుగులో ఈ సంగతి దాదాపుగా ఎక్కడా కనిపించదు. గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి.

1987లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో మైకేల్ జాస్‌లాఫ్ ఆఫ్రికా కప్ప జినోపస్ నుంచి మగైనిన్‌లను వేరుచేశారు. గుడ్ల కోసం కప్పలకు ఆపరేషన్ చేసి కుట్లు వేసి మళ్లీ మురికి నీళ్లలోనే వదిలేస్తే కూడా గాయం చీము పట్టకుండా మానడం ఆయన గమనించారు. హీబ్రూ భాషలో డాలు అనే అర్థమున్న మాట నుంచి మగైనిన్ అన్న పేరు పెట్టారు. ఇది 23 అమైనో ఆమ్లాల గొలుసు. నీళ్లలో ఉన్నంతసేపూ వదులుగా ఉండి, బ్యాక్టీరియా పొరను తాకగానే మెట్ల చుట్టలా మెలి తిరుగుతుంది.

సెక్రోపిన్, మగైనిన్, మెలిటిన్ మూడూ ఈ మెలి తిరిగే రకానివే. ఒకటి పురుగుది, ఒకటి కప్పది, ఒకటి తేనెటీగది. వాటిమధ్య చుట్టరికం లేదు, వరసలో పోలికా లేదు. అయినా పని తీరు ఒకటే. రెండో రకం గొలుసులో గంధకపు ముళ్లు (డైసల్ఫైడ్ బంధాలు) పడి బిగుసుకుపోయినవి. మన తెల్ల రక్తకణాల్లోని డిఫెన్సిన్‌లకు ఇలాంటి ముళ్లు మూడు ఉంటాయి. హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవిలోని టాకిప్లెసిన్, పంది తెల్ల రక్తకణాల్లోని ప్రొటెగ్రిన్‌లకు రెండేసి ఉంటాయి. మూడో రకానికి ముడీ లేదు, మెలికా లేదు. ఒకే అమైనో ఆమ్లం పదే పదే వస్తుంది. ఆవు రక్తకణాల్లోని ఇండోలిసిడిన్‌లో మొత్తం 13 అమైనో ఆమ్లాలుంటే అయిదు ట్రిప్టోఫాన్‌లే. తేనెటీగ ఒంట్లోనే దొరికే ఎపిడెసిన్‌లోనూ, ఆవులో దొరికే బాక్‌7లోనూ ప్రోలిన్ గుమిగూడి ఉంటుంది. ఒక్క తేనెటీగలోనే మెలిటిన్, ఎపిడెసిన్ అనే పూర్తిగా వేర్వేరు రకాలు ఉండటం గమనించండి. ఫలానా జంతువు పెప్టైడ్ అని జంతువు పేరు చెబితే దాని గుణం తెలిసినట్టు కాదు.

ఈ రకాల మధ్య తేడాను తేల్చి చెప్పిన ప్రయోగం ఒకటుంది. అమైనో ఆమ్లాలకు కుడిచేయి, ఎడమచేయిలా రెండు రూపాలుంటాయి. జీవులు ప్రోటీన్లలో వాడేది ఎడమ రూపాన్ని. 1990లో, పెప్టైడ్లను రసాయనికంగా కట్టే పద్ధతికి నోబెల్ అందుకున్న బ్రూస్ మెరిఫీల్డ్ బృందం సెక్రోపిన్, మగైనిన్, మెలిటిన్‌లను పూర్తిగా కుడి రూపంతో తయారుచేసి చూసింది. అద్దంలో ప్రతిబింబంలాంటి ఆ పెప్టైడ్లు అసలు వాటిలాగే బ్యాక్టీరియాను చంపాయి. తాళానికి తాళంచెవి పట్టినట్టు ఏ ప్రోటీన్‌నో పట్టుకుని పనిచేసేవైతే అలా జరగదు. అవి కొడుతున్నది పొరనే అని దాంతో తేలింది. ఎపిడెసిన్‌కు అదే పరీక్ష పెడితే కుడి రూపం పనిచేయలేదు. అంటే దానికి బ్యాక్టీరియా లోపల ఒక నిర్దిష్టమైన లక్ష్యం ఉంది.

ఆ లక్ష్యం రైబోజోమ్ అని 2014 తర్వాతి పరిశోధనలు చూపించాయి. బ్యాక్టీరియా ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌లో కొత్త గొలుసు బయటికి వచ్చే సన్నని సొరంగం ఉంటుంది. ఆవు బాక్‌7, కీటకాల ప్రోలిన్ పెప్టైడ్లు ఆ సొరంగంలోనే, వాటిలో చాలావి కొత్త ప్రోటీన్ వచ్చే దిశకు ఎదురుగా తిరిగి, దూరి కూర్చుంటాయి. కీటకం, ఆవు కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన దారులు. రెండూ విడివిడిగా అదే సందును కనిపెట్టాయి. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన పోలిక లేదనే చెప్పాలి. ఇందులో వాడుకకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. ఇవి పొరను పగలగొట్టవు కాబట్టి మన రక్తకణాలకు ముప్పు చాలా తక్కువ. బ్యాక్టీరియా లోపలికి వెళ్లడానికి అవి ఎస్‌బీఎంఏ అనే ఒక రవాణా ప్రోటీన్‌ను తలుపులా వాడుకుంటాయి. ఆ తలుపు ఇ.కోలై, సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాలో (అంటే బయట అదనంగా మరో పొర ఉండే రకంలో) ఉంటుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. తలుపు లేని సూక్ష్మజీవి మీద వీటి పని పెద్దగా సాగదు. తలుపు ఉన్న జీవి కూడా మ్యుటేషన్‌తో దాన్ని మూసేసుకోగలదు.

అంకెలు ఎందుకు తప్పుదారి పట్టిస్తాయి

బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదును ఎంఐసీ అంటారు. రెండు ల్యాబ్‌ల నుంచి వచ్చిన రెండు ఎంఐసీలను పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం చాలాసార్లు అన్యాయం.

మొదటి చిక్కు ప్లాస్టిక్ దగ్గరే వస్తుంది. మామూలు ల్యాబ్‌లలో వాడే పాలీస్టైరీన్ ప్లేట్లకు ధనావేశమున్న పెప్టైడ్లు అంటుకుపోతాయి. వేసిన మోతాదులో కొంత గోడకే పోతుంది, కాబట్టి పెప్టైడ్ ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు పాలీప్రొపిలీన్ ప్లేట్లు వాడతారు. రెండోది కొలమానం. మందులను మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని చెప్పడం అలవాటు. కానీ ఇండోలిసిడిన్ అణువు బరువు సుమారు 1,900, మనిషి ఒంట్లో తయారయ్యే ఎల్ఎల్-37 అనే పెప్టైడ్‌ది సుమారు 4,500. ఒకే బరువు తీసుకుంటే ఇండోలిసిడిన్ అణువులు రెండు రెట్లకు పైగా ఎక్కువ ఉంటాయి. అణువుకు అణువు పోల్చకుండా గ్రాముకు గ్రాము పోల్చితే చిన్న పెప్టైడ్ ఊరికే గెలుస్తుంది.

వీటికన్నా పెద్ద చిక్కు ఉప్పు. పొరకు అతుక్కోవడం ఆవేశం మీద నడుస్తుంది కాబట్టి చుట్టూ సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు పెరిగితే ఆ పట్టు సడలుతుంది. మనిషి బీటా డిఫెన్సిన్‌లు నీళ్లలాంటి ద్రావణంలో చురుకుగా ఉండి, నెత్తురంత ఉప్పదనం వచ్చేసరికి చాలావరకు నీరసపడతాయి. ఇక్కడే జంతువు బతికే చోటు పనికొస్తుంది. హార్స్‌షూ క్రాబ్ నెత్తురు దాదాపు సముద్రపు నీళ్లంత ఉప్పగా ఉంటుంది. అందులో పనిచేయాల్సిన టాకిప్లెసిన్ ఉప్పుకు జంకదు. 17 అమైనో ఆమ్లాలే అయినా రెండు గంధకపు ముళ్లతో బిగించిన దాని ఆకారం చెక్కుచెదరదు. కప్ప చర్మం మీది గ్రంథులైతే పెప్టైడ్‌ను మంచినీటి గుంటలోకి, పలచని తేమ పొరలోకి ఒక్కసారిగా భారీ మోతాదులో కక్కుతాయి. అక్కడ మగైనిన్ కొంచెం బలహీనమైనా నష్టం లేదు, ఎందుకంటే సాంద్రత ఎక్కువ, ఉప్పు తక్కువ, పక్కన పీజీఎల్ఏ అనే మరో పెప్టైడ్ తోడుంటుంది. ఆ రెండూ కలిస్తే విడివిడిగా చేసే పనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చేస్తాయి. ఒక్క మగైనిన్‌ను తీసి ల్యాబ్ ప్లేట్‌లో కొలిస్తే కప్ప అసలు బలంలో కొంతే కొలిచినట్టు.

న్యూట్రోఫిల్‌లు అనే మన తెల్ల రక్తకణాల సంగతీ అంతే. అందులో అజురోఫిల్ అనే సంచుల ప్రోటీన్‌లో 30 నుంచి 50 శాతం డిఫెన్సిన్‌లే. బ్యాక్టీరియాను మింగిన కణం దాన్ని ఒక చిన్న గదిలో బంధించి ఈ సంచులను అందులోకి గుమ్మరిస్తుంది. ఆ ఇరుకు గదిలో చేరే సాంద్రతను మామూలు ఎంఐసీ పరీక్షలో ఎవరూ వాడరు. కాబట్టి పరీక్షలో అత్తెసరు మార్కులు వచ్చిన డిఫెన్సిన్ తన సొంత చోట సమర్థమైన ఆయుధమే. దాన్ని తీసి సెలైన్‌లో కలిపి ఒళ్లంతా పారిస్తే ఆ సాంద్రత రాదు. పైగా నెత్తురులోని ప్రోటీన్లు అడ్డం పడతాయి. మంచి కొలెస్ట్రాల్‌ను మోసే ఎపోలిపోప్రోటీన్ ఏ-1 మన ఎల్ఎల్-37ను పట్టుకుని నిద్రపుచ్చినంత పని చేస్తుంది. ఆ పట్టు మన కణాలకు రక్షణ కూడా. ఎందుకంటే ఎల్ఎల్-37 మోతాదు మించితే సొంత కణాలకే చేటు.

క్షీరదాలను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. కాథెలిసిడిన్ కుటుంబం నుంచి మనిషికి ఉన్నది ఒక్కటే, అది ఎల్ఎల్-37. ఆవుకు, పందికి అలాంటివి చాలా ఉన్నాయి. బాక్‌7, ఇండోలిసిడిన్, ప్రొటెగ్రిన్, పీఆర్-39 అన్నీ ఆ కుటుంబానివే. టాస్మేనియన్ డెవిల్‌లో ఆరు కనిపించాయి. కోళ్లలో బీటా డిఫెన్సిన్‌లు తప్ప మనకున్న ఆల్ఫా రకం లేదు. ల్యాబ్‌లలో అందరూ నమ్ముకునే చిట్టెలుక (మౌస్) సంగతి మరీ ఇబ్బంది. దాని న్యూట్రోఫిల్‌లలో డిఫెన్సిన్‌లే లేవు. ఎల్ఎల్-37కు సాటి వచ్చే పెప్టైడ్ ఎలుకలో ఉంది, కానీ దాని జన్యువు విటమిన్ డీకి స్పందించదు. మనుషుల్లో స్పందిస్తుంది. 2006లో వచ్చిన ఒక ముఖ్యమైన పరిశోధన క్షయ బ్యాక్టీరియా సోకిన మన రోగనిరోధక కణాలు విటమిన్ డీ సాయంతో ఈ పెప్టైడ్‌ను తయారుచేసుకుని ఆ బ్యాక్టీరియాను చంపే దారిని చూపించింది. ఎలుక మీద మాత్రమే పనిచేసి ఉంటే ఈ దారి ఎప్పటికీ కనపడేది కాదు. (విటమిన్ డీ మాత్రలు మింగితే టీబీ నయమవుతుందని దీని అర్థం కాదు. మందులతో పాటు విటమిన్ డీ ఇచ్చి చూసిన ట్రయల్స్‌లో చెప్పుకోదగ్గ లాభం స్థిరంగా కనిపించలేదు.)

మనం పోగొట్టుకున్న పెప్టైడ్ కూడా ఒకటుంది. 1999లో రీసస్ కోతి తెల్ల రక్తకణాల్లో తీటా డిఫెన్సిన్ దొరికింది. 18 అమైనో ఆమ్లాలు, మొదలూ చివరా కలిసిపోయి గాజులా గుండ్రంగా ఉంటుంది. తొమ్మిదేసి అమైనో ఆమ్లాల రెండు ముక్కలను కోతి కణం కలిపి అతుకుతుంది. ఉప్పులో కూడా దాని పని తగ్గదు. ఆ జన్యువు మనిషిలోనూ ఉంది, కానీ మధ్యలో ఆగిపొమ్మని చెప్పే సంకేతం చేరడంతో ప్రోటీన్ తయారవదు. శాస్త్రవేత్తలు ఆ తప్పు దిద్ది, మన పూర్వ జంతువుల్లో ఉండి ఉండాల్సిన పెప్టైడ్‌ను రసాయనికంగా తయారుచేశారు. దాని పేరు రెట్రోసైక్లిన్. ల్యాబ్‌లో అది హెచ్ఐవీ కణాల్లోకి దూరకుండా అడ్డుకుంది.

పాముల నుంచి వచ్చిన పోలిక తెలుగువారికి ఇంకాస్త దగ్గరిది. 2008లో చైనా శాస్త్రవేత్తలు పసుపు, నలుపు పట్టీలుండే బంగారు కట్లపాములో 30 అమైనో ఆమ్లాల కాథెలిసిడిన్‌ను గుర్తించారు. ఎన్నో మొండి బ్యాక్టీరియాలను అది ఆపింది, రక్తకణాలను పెద్దగా ముట్టుకోలేదు. ఈ పాము శాస్త్రీయనామం బంగారస్ ఫేసియాటస్. అందులోని మొదటి మాట అచ్చంగా మన బంగారమే. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన పాముల గ్రంథంలో స్థానికులు చెప్పిన పేరును రాసుకున్నారు, తర్వాత అదే ఆ ప్రజాతి పేరుగా స్థిరపడింది. ఆ పాము కాటులో ఉండేది నాడులను స్తంభింపజేసే విషం. ఈ పెప్టైడ్ మాత్రం ఆవులోనూ మనిషిలోనూ ఉన్న రోగనిరోధక కుటుంబానికి చెందినది. పాము నుంచి వచ్చింది కదా అని దీన్ని విషంగా, తేనెటీగ నుంచి వచ్చింది కదా అని మెలిటిన్‌ను ఔషధంగా చూడటం రెండూ తప్పే.

2017లో కేరళ నుంచి వచ్చిన ఉరుమిన్ కూడా ఇదే పాఠం చెబుతుంది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ కేంద్రం, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పశ్చిమ కనుమల కప్ప చర్మం నుంచి వచ్చిన 32 పెప్టైడ్లను ఫ్లూ వైరస్ మీద పరీక్షించారు. నాలుగు పనిచేశాయి. వాటిలో మూడు మనిషి ఎర్ర రక్తకణాలకు హానికరమని తేలింది. మిగిలిన నాలుగోదానికి కేరళలో కొరడాలా ఝళిపించే ఉరుమి కత్తి పేరు పెట్టారు. అది హెచ్1 రకం ఫ్లూ వైరస్‌లను దెబ్బతీసింది, హెచ్3 రకం మీద పనిచేయలేదు.

మందుల దాకా వెళ్లి ఆగినవి

మగైనిన్‌ను కొద్దిగా మార్చి తయారుచేసిన పెక్సిగనన్‌ను డయాబెటిస్ రోగుల పాదాల పుండ్లకు క్రీముగా రాసి చూశారు. 835 మంది పాల్గొన్న రెండు ట్రయల్స్‌లో అది నోటి ద్వారా ఇచ్చే ఓఫ్లాక్సాసిన్‌తో దాదాపు సమానంగా పనిచేసింది. అయినా 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. 2016లో మరో రెండు మూడో దశ ట్రయల్స్‌లో, పుండును శుభ్రంగా కడిగి మందు లేని క్రీము రాసిన దానికన్నా పెక్సిగనన్ మెరుగని తేలలేదు. కప్ప తడి చర్మం మీద గెలిచినది చీము, ప్రోటీన్లను కోసే ఎంజైములు, ఉప్పు నిండిన పుండులో గెలవలేకపోయింది. ఇది ఒక అన్వయమే అయినా ఉప్పు, ఎంజైములు ఈ రకం పెప్టైడ్లను ఎలా నీరసపరుస్తాయో తెలిశాక ఇంతకన్నా సబబైన కారణం కనబడదు.

పంది ప్రొటెగ్రిన్ నుంచి రెండు దారులు వచ్చాయి. ఒకటి ఇసెగనన్. రేడియేషన్ తీసుకునే క్యాన్సర్ రోగుల నోటి పుండ్లకు వాడి చూస్తే ఫలితం రాలేదు. రెండోదాన్ని జ్యూరిక్ శాస్త్రవేత్తలు మలిచారు. ప్రొటెగ్రిన్ ఆకారాన్ని అచ్చుగా పెట్టుకుని 14 అమైనో ఆమ్లాల వలయాన్ని కట్టి, అక్షరాలు మార్చుకుంటూ పోయారు. చివరికి పొరను పగలగొట్టే గుణం పోయి, సూడోమోనాస్ బ్యాక్టీరియా బయటి పొరను కట్టే ఎల్‌పీటీడీ అనే ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే మురెపవాడిన్ తయారైంది. అన్ని సూక్ష్మజీవులనూ కొట్టే పంది పెప్టైడ్ ఒక్క శత్రువునే వెతికి కొట్టేదిగా మారింది. ఎంతో ఆశ పెట్టుకున్న ఆ మందు నరంలోకి ఇచ్చే మూడో దశ ట్రయల్ 2019లో కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువ కావడంతో ఆగింది. తర్వాత పీల్చుకునే మందుగా దాన్ని అభివృద్ధి చేసే దారి పట్టారు.

వీటికి బ్యాక్టీరియా ఎప్పటికీ అలవాటు పడదన్న మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. బంగారు రంగు స్టాఫిలోకాకస్ తన పొర కొవ్వులకు లైసీన్ తగిలించుకుని రుణావేశాన్ని తగ్గించుకుంటుంది. సాల్మొనెల్లా తన పైపొరను మార్చుకుంటుంది. మగైనిన్‌ను కనిపెట్టిన జాస్‌లాఫ్ కూడా పాల్గొన్న 2006 నాటి ప్రయోగంలో, మోతాదు మెల్లమెల్లగా పెంచుతూ పోతే 600-700 తరాల్లో ఇ.కోలై, సూడోమోనాస్‌లు పెక్సిగనన్‌కు తట్టుకునేలా మారాయి. బ్యాక్టీరియాకు ఇది పెద్ద కాలమేమీ కాదు. ఇందులో కంగారు పడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. పెక్సిగనన్‌కు అలవాటు పడ్డ స్టాఫిలోకాకస్ మన సొంత డిఫెన్సిన్‌ను కూడా కొంత తట్టుకుంది. మనం మందుగా వాడే జంతు పెప్టైడ్ మన ఒంటి కాపలాదారుకు మరీ దగ్గరి పోలికతో ఉంటే, మందు విఫలమవడంతో పాటు కాపలా కూడా బలహీనపడే ప్రమాదం ఉంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు ప్రపంచంలో 12.7 లక్షలని అంచనా. కొత్త మందు కావాలన్న ఆత్రం న్యాయమైనదే. ఆ ఆత్రంలోనే ఈ పోలికను ముందుగా చూడాలి. ఈ లెక్కన మనిషిలో సాటి లేని కీటకాల, ఆవుల ప్రోలిన్ పెప్టైడ్లకు, వాటి తలుపు సమస్య ఉన్నా, మెలి తిరిగే రకంకన్నా ముందు వరస ఇవ్వడం సబబు.

రొయ్యల చెరువు దగ్గర

ఈ పోలికలు ఆంధ్ర తీరానికి నేరుగా తగిలే చోటు ఒకటుంది. దేశంలో రొయ్యల సాగులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో అనుమతి వచ్చాక ఇక్కడి చెరువుల్లో వెనామీ రొయ్యే నిండిపోయింది. రొయ్యకు యాంటీబాడీలు లేవు. దాని రక్షణలో పెద్ద భాగం పెప్టైడ్ల మీదే నడుస్తుంది. 1997లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ వెనామీ నెత్తురు కణాల నుంచే పీనియిడిన్‌లను వేరుచేశారు. అవి ఆ కణాల సంచుల్లో సిద్ధంగా ఉంటాయి. గాయమైన చోటికి కణాలు చేరి వాటిని వదులుతాయి. వాటి ముందు సగం ప్రోలిన్‌తో, వెనక సగం గంధకపు ముళ్లతో ఉంటుంది. పైన చెప్పిన రెండు రకాలను ఒకే గొలుసులో కలిపినట్టన్నమాట.

కానీ పీనియిడిన్‌లు బాగా పనిచేసేది గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మీద, బూజుల మీద. చెరువుల్లో రైతుకు నిద్ర లేకుండా చేసే విబ్రియో అనే బ్యాక్టీరియా గ్రామ్ నెగెటివ్. దాని మీద వీటి దెబ్బ తక్కువ. ఆ ఖాళీని మరో కుటుంబం, ఏఎల్ఎఫ్ పెప్టైడ్లు పూరిస్తాయి. వీటిని మొదట గుర్తించింది హార్స్‌షూ క్రాబ్‌లో. టైగర్ రొయ్యలోని ఏఎల్ఎఫ్ ఒకటి విబ్రియోలను గట్టిగానే ఆపుతుందని థాయ్‌లాండ్ పరిశోధకులు చూపించారు. అంటే ఒకే రొయ్యలో ఒక పెప్టైడ్‌ను కొలిచి రొయ్య రోగనిరోధక శక్తి ఇంత అనడం కూడా కుదరదు.

నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించి రొయ్యల కన్సైన్‌మెంట్లు విదేశాల నుంచి వెనక్కి రావడం ఇక్కడి రైతులకు తెలిసిన బాధే. 2019లో కేంద్రం ఆహారానికి పెంచే జీవుల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. కొలిస్టిన్ కూడా పొర మీద కొట్టే పెప్టైడ్ మందే, కాకపోతే జంతువులది కాదు, బ్యాక్టీరియా నుంచి వచ్చింది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న మందు అది. వీటికి బదులుగా మేతలో కలిపే పెప్టైడ్ ఉత్పత్తులు, ఇమ్యునిటీ పెంచే మందులు అంటూ రకరకాల డబ్బాలు రైతు దగ్గరికి వస్తుంటాయి. డబ్బా మీద ఎంఐసీ రాసి ఉంటే సరిపోదు. ఏ విబ్రియో మీద కొలిచారు, రైతు చెరువులోని విబ్రియో మీద కూడా పనిచేస్తుందా అని అడగాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న చెరువు ఉప్పదనం వేరు, గోదావరి జిల్లాల్లో లోతట్టు బోరు నీళ్ల చెరువుల ఉప్పదనం వేరు. ఏ ఉప్పు నీళ్లలో కొలిచారో చెప్పని అంకెను ఈ రెండు చెరువుల్లో దేనికీ అన్వయించలేం. మేతలో కలిపిన పెప్టైడ్‌ను రొయ్య పేగులోని ఎంజైములు కోసేయకుండా ఎలా కాపాడారన్నది అమ్మేవాళ్లు తప్పనిసరిగా జవాబు చెప్పాల్సిన ఇంకో ప్రశ్న.